నడకను గీసిన పటం

చిత్తూరు,
8 ఫిబ్రవరి 1981

సంతోషా,

నువ్వు క్షేమమేనా అని అడగను. క్షేమంగా లేకపోతే ఈపాటికి నాలుగు పేజీల తిట్లు రాసి ఉండేదానివి. సంక్రాంతి ముందు నుంచీ ఉలుకూ పలుకూ లేదంటే హాయిగానే ఉన్నావని లెక్క.

నా సంగతి విను. తిరుపతి హాస్టల్లో నేను గోడపత్రికకు అక్షరాలు దిద్దుతుంటే "ఈ బొమ్మల పిచ్చి నీకు కూడు పెడుతుందా?" అనేదానివి. పెడుతోందే తల్లీ. గణాంకాల ఆఫీసులో నాకిప్పుడు వేరే గది ఇచ్చారు. గది అంటే పాత బీరువాల వెనక మిగిలిన జాగా అనుకో. అయినా కిటికీ ఉంది, పెద్ద బల్ల ఉంది, ఇండియన్ ఇంకు సీసాలూ రంగు డబ్బాలూ అన్నీ నావే. మే నెలలో ఇక్కడ జిల్లా ప్రదర్శన పెడుతున్నారు. మంత్రిగారు వస్తారట. మా శాఖ చార్టులన్నీ నేనే గీస్తున్నాను.

చార్టు అంటే గీసేయడమే అనుకుంటారు అందరూ. ఏ సంగతికి ఏ ఆకారమో తేల్చుకోవడంలోనే ఉంది అసలు పని. మొత్తంలో ఎవరి వాటా ఎంతో చెప్పాలంటే గుండ్రంగా గీసి ముక్కలు చేయాలి. నెలనెలా వాన ఎలా పడిందో చెప్పాలంటే లేచి పడే గీత కావాలి. ఏటేటా పెరిగింది చూపాలంటే నిలువు కమ్మీలకు మించింది లేదు. చొక్కా లాంటిదే ఇది కూడా. ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి తొడిగితే నవ్వులపాలు.

మంచినీళ్ళ చార్టుకు కమ్మీలే పెట్టాను. నీలం రంగు. ఏడాదికొకటి, ఒకదాన్ని మించి ఒకటి లేస్తాయి. మా అధికారి ఏకాంబరం గారు ముక్కుపొడుం డబ్బీ మూత తీస్తూ చాలాసేపు చూసి, "బాగుండాదమ్మా. చూసినోడికి దాహం తీరిపోవాల" అన్నారు. ప్రదర్శన బాగా జరిగితే నన్ను పర్మనెంటు చేయమని పైకి రాస్తారట. అమ్మ అప్పుడే వెంకన్నకు మొక్కేసింది. ఈ టెంపరరీ బతుకుతో విసిగిపోయాను సంతోషా, నిజంగా.

అన్నట్టు మీ ఎర్రవంకకు బోరింగు పడిందట కదా! నా చివరి కమ్మీలో అది కూడా ఉంది. పోయిన ఎండాకాలం నీళ్ళు లేవని అంత ఏడ్చావే, వచ్చాయని చెప్పడానికి మాత్రం నోరు రాలేదా?

నీ
పంకజం

*

ఎర్రవంక, పాకాల దగ్గర,
15 ఫిబ్రవరి 1981

శ్రీమతి పంకజాక్షమ్మగారికి,

తమకు వేరే గది వచ్చినందుకు సంతోషం. తమ నీలం కమ్మీలు చూసి మంత్రిగారి దాహం తీరాలని ప్రార్థిస్తున్నాను.

మా దాహం సంగతి కూడా విను. బోరింగు పడింది. ఊళ్ళో, ప్రెసిడెంటు దొరస్వామి పశువుల కొట్టం పక్కన. మా వాడ వంకకు ఇవతల ఉందని నీకు తెలుసు. వచ్చి నాలుగు రోజులు ఉన్నదానివే కదా. ఆ బోరింగు పిడి మేము పట్టుకోకూడదు. పట్టుకుంటే మైలట. ఎవరైనా దయతలచి కొట్టి పోస్తే పట్టుకోవాలి. దయ ఎవరికీ పొద్దున్నే నిద్రలేవదు కాబట్టి మా ఆడవాళ్ళు వంకలో చెలమలు తవ్వుకుంటున్నారు. ఇసకలో గుంత తీసి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో తోడుకోవడం. అదీ ఎండితే ప్రెసిడెంటు మామిడితోపు బావి దాకా పోవాలి. అక్కడ కరెంటు ఉండి మోటారు ఆడినప్పుడే కాలవలో ముంచుకోనిస్తారు.

నేను ఆ ఊరి పిల్లలకు టీచర్ని పంకజం. బడిలో వాళ్ళ చేయి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తాను. అదే చేయి బోరింగు పిడి మీద పడకూడదు.

నీ ఉత్తరం మా సిద్ధమ్మత్తకు చదివి వినిపించాను. చెలమ దగ్గరే. ఆమె తల కూడా ఎత్తకుండా, "ఊరికి పడిందంట. మనం ఊరు కాదంట గదా మే. ఆయమ్మ రాసింది సరిగానే ఉండాది" అంది.

నువ్వు తప్పు లెక్క వేశావని నేను అనడం లేదు. అదే నాకు ఇంకా కోపం. లెక్క సరిగ్గానే ఉంది, మేం మాత్రం అందులో లేం. పేరు గొప్ప ఊరు దిబ్బ అనేది మీ కమ్మీలను చూసే పుట్టి ఉంటుంది.

ఇట్లు,
సంతోషమ్మ, టీచరు

*

చిత్తూరు,
3 మార్చి 1981

సంతోషా,

నువ్వు 'శ్రీమతి' అని రాయగానే అమ్మ చూసి "మీకిద్దరికీ ఏమైంది?" అంది. ఏమీ కాలేదని చెప్పాను. చేతిలో స్కేలు పట్టుకుంటే ఆ నీలం కమ్మీని విరగ్గొట్టాలనిపించింది.

కూర్చుని ఏడ్చే రకాన్ని కాదని నీకు తెలుసు. ఇంకో ఆకారం వెతికాను. ముందు గుండ్రం గీశాను, నీళ్ళున్న ఊళ్ళు ఒక ముక్క, లేనివి ఒక ముక్క. మీ ఊరు పోయి ఉన్నవాళ్ళ ముక్కలోనే కూర్చుంది. తరువాత తాలూకా పటం గీసి, బోరింగు పడిన ప్రతి ఊరికీ చుక్క పెట్టాను. ఎర్రవంక అంటే పటంలో ఒకటే చుక్క. దానికి నీలం వేస్తే ఊరూ, వాడా, మధ్యలో వంకా అన్నీ కలిసి తడిసిపోయాయి. మనిషికి ఎన్ని బిందెలు అని సగటు కట్టి చూశాను. అది మరీ మోసం. ప్రెసిడెంటు కొట్టంలో గేదెలు తాగేవి కూడా సిద్ధమ్మ గొంతులో పోసేస్తుంది.

ఏకాంబరం గారిని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఆయనకు అన్నిటికీ భయం. "ఎర్రవంకలో బోరింగు ఉండాదా లేదా? ఉండాది గదా. చుక్క పెట్టు. యాడ ఉండాదో, ఎవురు కొడతారో మన శాఖ కాదమ్మా అది" అన్నారు.

వెధవది, ఇన్నేళ్ళుగా గీస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపే ఆకారం ఒక్కటి నాకు దొరకలేదంటే సిగ్గుగా ఉంది. నీకు పుణ్యం ఉంటుంది, మీ ఊరి బొమ్మ ఒకటి గీసి పంపు. ఏ ఇల్లు ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో. వంకరగా ఉన్నా ఫరవాలేదు.

నీ
పంకజం

*

ఎర్రవంక,
29 మార్చి 1981

పంకజం,

అక్షరాలు కోడి గీరినట్టు ఉన్నాయని నవ్వకు. చేతికి కాస్త దెబ్బ తగిలింది. ఎడమ చేత్తో రాస్తున్నాను. పెద్దదేమీ కాదు.

బొమ్మ నేనొక్కదాన్నే గీయలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక వాడవాళ్ళందరినీ ప్రార్థన గుడిసె ముందర కూర్చోబెట్టాను. ఇంటికొక చింతపిక్క పెట్టమన్నాను. అదొక తిరునాళ్ళే అయింది. దేవకమ్మ తన పిక్కను ఆడబిడ్డ పిక్క పక్కన పెట్టనివ్వదు. "మా ఇంటికీ దాని ఇంటికీ నడాన దిబ్బ ఉండాది, దిబ్బ పెట్టండి ముందు" అంటుంది. దిబ్బకు బొగ్గు ముక్క పెట్టాం. ఊళ్ళో ఇళ్ళకు కందిపప్పు పలుకులు పెట్టాం. బోరింగుకు ఒక మేకు గుచ్చాం. అంతా పెట్టి చూస్తే, నీ తాలూకా పటంలాగే చచ్చినట్టు పడి ఉంది. చూస్తే ఏమీ తెలియడం లేదు.

అప్పుడు దేవకమ్మే నూలు ఉండ తీసి, తన పిక్క దగ్గర ఒక కొస నొక్కిపెట్టి, వంకలో చెలమ దాకా లాగింది. "ఇదో, నేను దినామూ పొయ్యేది ఈడికి" అంది. ఇంకొకామె లాక్కుంది ఉండని. ఎవరు ఎక్కడికి పోతారో అక్కడిదాకా నూలు పరుచుకుంటూ పోయారు. మధ్యలో తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. ఊళ్ళోవాళ్ళవి కూడా వేశాం. ఒక్కొక్కటి జానెడు కూడా రాలేదు. మావి వంక దాటి, తోపు బావి దాకా పోయేసరికి జాగా చాలక, మా వెనకున్న గుడిసె గడప మీదికి వచ్చేశాయి. అందరూ లేచి నిలబడి చూశారు. దినామూ నడిచే నడక అప్పటిదాకా ఎవరూ ఒక్కచోట చూసుకోలేదు పంకజం. సిద్ధమ్మత్త ఏడ్చేసింది. తరువాత తిట్టింది. ఎవరిని తిట్టిందో రాస్తే పోస్టుమాను సిగ్గుపడతాడు.

కాగితం మీదికి ఎక్కించి పంపుతున్నాను. నువ్వు బోరింగులను గీసి చూశావు. ఇప్పుడు నడకను గీయి.

సంతోషం

*

చిత్తూరు,
26 ఏప్రిల్ 1981

సంతోషా,

గీశాను. గీయడం అంటే ఇంకుతో కాదు. ప్లైవుడ్ బోర్డు మీద ఊరి పటం దించి, ఇంటింటికీ చిన్న మేకు కొట్టి, ఎర్రదారం కట్టాను. ప్రతి దారం ఒక ఇంటి నుంచి ఆ ఇంటివాళ్ళు నీళ్ళు తెచ్చుకునే చోటుకు పోతుంది. ఊళ్ళో దారాలు మేకుల మధ్యే ముడుచుకున్నాయి. మీవి బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు లాగాల్సి వచ్చింది. దారపు ఉండ అయిపోతే అమ్మ పెట్టెలోంచి ఇంకొకటి దొంగిలించాను. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు.

ఏకాంబరం గారు చూసి పొడుం పీల్చడం మరిచిపోయారు. "ఇది చార్టు కాదమ్మా, ఫిర్యాదు" అన్నారు. "కొలతలు తప్పా సార్?" అన్నాను. "కొలతలు సరిగా ఉండేదే గదా తంటా" అన్నారు. ప్రదర్శనలో కమ్మీల చార్టు ఒక్కటే ఉండాలట. ఇది బీరువా వెనక పెట్టమన్నారు.

అమ్మకు తెలిసింది. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అని ఒకటే సణుగుడు. వాసాలు లెక్కపెట్టడానికే కదమ్మా నాకు జీతం ఇస్తున్నారు అన్నాను. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. కానీ భయపడుతోంది. నేను కూడా భయపడుతున్నాను. దాచడం ఎందుకు? ఉద్యోగం పోతే ఈ ఇంటి అద్దెకు కూడా కష్టం. అయినా ఆ బోర్డును వేలాడదీస్తాను. తేల్చుకున్నాను.

ఇంకొకటి. మా మామ కొడుకు వెంకటముని పుత్తూరు సంతకు పోయి, అక్కడ ఎముకలకు కట్టు కట్టేవాళ్ళ ఇంటి ముందర నిన్ను చూశాడట. కుడిచేయి మెడకు కట్టి ఉందట. 'కాస్త దెబ్బ'కు పుత్తూరు దాకా పోతారా ఎవరైనా? నువ్వు నాకు ఏం దాస్తున్నావు?

పంకజం

*

ఎర్రవంక,
5 మే 1981

పంకజం,

నీ ఇంటి నిండా గూఢచారులే. సరే, విను.

నీకు చింతపిక్కల సంగతి రాశాను కదా, దానికి మూడు రోజుల ముందు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని బోరింగు దగ్గరికి పోయాను. అడుక్కోవడానికి పోలేదు. నేనే పిడి పట్టుకుని కొట్టాను. మొదటి బిందె నిండింది కూడా. అంతలో దొరస్వామి మనిషి వచ్చి బిందె తన్నాడు. నేను పిడి వదల్లేదు. భుజం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. సిమెంటు గట్టు మీద పడ్డాను. మణికట్టు విరిగింది. దొరస్వామి అరుగు మీదే ఉన్నాడు. "టీచరమ్మ జారి పడింది, పాచి పట్టినట్టుండాది, కడగండ్రా" అన్నాడు. నిజంగానే కడిగించాడు. పాచి కోసం కాదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నా చేతిని చూస్తూ గీస్తావు. జాలితో గీసిన పటం నాకొద్దు. చూసినవాళ్ళు "అయ్యో పాపం" అనేసి ఇంటికి పోతారు. విరిగిన చేయి ఒక్కటే, నడిచే కాళ్ళు వాడంతా ఉన్నాయి. నాకు ఆ కాళ్ళు కనబడాలి.

నన్ను బదిలీ చేయిస్తానని దొరస్వామి చెప్పి పంపాడు. చేయించుకోమన్నాను. ఎక్కడికి పోయినా చింతపిక్కలు దొరుకుతాయి.

ఆ బోర్డు వేలాడదీయమని మాత్రం నేను నిన్ను అడగను. వద్దనీ అనను. మీ అమ్మ ముఖం నాకు గుర్తుంది, నాకు పెట్టిన నిమ్మకాయ పులిహోర కూడా గుర్తుంది. నీ ఉద్యోగం పోతే నేను తిండి పెట్టగలను, కానీ అది రోజూ సంగటే అవుతుంది. ఆలోచించుకో.

సంతోషం

*

చిత్తూరు,
31 మే 1981

సంతోషా,

నీ ఉత్తరం చదివాక నాకు ఆలోచన మిగల్లేదు. కోపం ఒక్కటే మిగిలింది. ఆ కోపంతో గోడకు మేకులు బాగా దిగాయి.

ప్రదర్శన రోజు తెల్లవారకముందే పోయి, నీలం కమ్మీల పక్కనే ఎర్రదారాల బోర్డు వేలాడదీశాను. మంత్రిగారు మధ్యాహ్నం వస్తారు కాబట్టి పొద్దున జనాన్ని వదిలారు. కమ్మీల ముందర ఎవరూ ఆగలేదు. బోర్డు దగ్గర మాత్రం తోపులాట అయింది. ఎవరో పెద్దాయన దారం మీద వేలు పెట్టి, వేలు నొప్పి పుట్టినట్టు, మధ్యలో ఆగి ఆగి అవతలి కొస దాకా పోయాడు. బంగారుపాళెం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొందరు నన్ను పట్టుకుని, "మా ఊరు గూడా ఇట్లే గీస్తావామ్మా? మాది ఇంతకన్నా పొడుగుండాది" అన్నారు.

మంత్రిగారి కారు వచ్చే ముందు ఏకాంబరం గారు వచ్చారు. తానే స్టూలెక్కి బోర్డు దించారు. "ముగ్గురు ఆడపిల్లలమ్మా నాకు" అన్నారు. "మీరు దించితే దించండి సార్, దారాలు మాత్రం తెంపకండి" అన్నాను. ఒక్కటి కూడా తెగకుండా దించారు. అది మాత్రం చెప్పాలి.

జూన్ ఒకటి నుంచి నన్ను రావద్దన్నారు. బోర్డును చంకలో పెట్టుకుని బజారు మధ్యలోంచి నడిచి వచ్చాను. అమ్మ తలుపు తీసి, నన్నూ బోర్డునూ చూసి, "చేతులు కడుక్కో, చల్లబడిపోతుంది అన్నం" అంది. అంతే అంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

బోర్డును వెంకటమునితో పాకాల బండికి పంపుతున్నాను. ఆఫీసు గోడ దీన్ని మోయలేకపోయింది. మీ దగ్గర ఏదైనా గట్టి గోడ ఉందేమో చూడు.

పంకజం

*

ఎర్రవంక,
19 జూలై 1981

పంకజం తల్లీ,

ఉంది. మా బడి గోడ. ఊరికీ వాడకూ మధ్యన, సరిగ్గా పాకాల బస్సు మలుపు తిరిగే చోట.

నీ బోర్డు చూసి గోడంతా సున్నం కొట్టి, ఎర్రటి జేగురుతో గీశాం. ఒక్కో ఇంటి గీత ఆ ఇంటామె చేతే గీయించాను. దేవకమ్మ గీత కిటికీ చుట్టూ తిరిగి పోయింది, వంక అక్కడ పడింది మరి. బస్సు మలుపు దగ్గర నెమ్మదిస్తుంది కదా, జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఏమిటని అడిగితే కండక్టరే చెప్పేస్తున్నాడు.

దొరస్వామి మనుషులు వచ్చి పైన సున్నం కొట్టారు. పల్చటి సున్నం, వాన పడగానే జేగురు మళ్ళీ బయటికొచ్చింది. రెండోసారి మందంగా కొట్టారు. మేము మళ్ళీ గీశాం. ఊరి పిల్లల అమ్మలు ఇద్దరు ఆ రోజు చూస్తూ నిలబడ్డారు. ఒకామె వెళ్ళిపోతూ, ఎవరూ వినకుండా, "మా ఇంటి గీత గూడా సరిగ్గా గీయండి టీచరమ్మా, మాది అంత పొట్టి కాదు" అంది. సరిచేశాను.

బదిలీ కాగితం ఇంకా రాలేదు. చేయి నయమవుతోంది. ఇది కుడిచేత్తోనే రాశాను. గర్వపడు.

నువ్వేం చేస్తున్నావు? తింటున్నావా?

సంతోషం

*

చిత్తూరు,
2 ఆగస్టు 1981

సంతోషా,

తింటున్నాను. అంగళ్ళకు బోర్డులు రాస్తున్నాను. నిన్న ఒక బియ్యం అంగడి, ఇవాళ ఒక టైలరు. టైలరు మీసం దువ్వుకుంటూ "కత్తెర పెద్దది గీయమ్మా" అన్నాడు. మనిషికన్నా పెద్దది గీశాను.

బంగారుపాళెం ఆడవాళ్ళు చెప్పిన మాట మరిచిపోలేదు. పోయిన ఆదివారం చింతపిక్కలు మూట కట్టుకుని వాళ్ళ ఊరికి పోయాను. నిజంగానే మీకన్నా పొడుగుంది.

ఉద్యోగం పోయిందని బాధ ఉందా అంటే ఉంది. రాత్రి పడుకుంటే ఆ కిటికీ గుర్తొస్తుంది. బోర్డు పెట్టినందుకు మాత్రం లేదు. ఇంకోసారి ఆ గోడ ఇస్తే ఇంకా పెద్ద బోర్డు పెడతాను.

పంకజం

*

ఎర్రవంక,
20 సెప్టెంబరు 1981

పంకజం,

నిలబడి చదువుతున్నావా? కూర్చో.

ఆగస్టు చివర్లో ఒక జీపు బడి ముందర ఆగింది. పంచాయతీ సమితి ఇంజనీరు దిగాడు. పక్కన ఒక బక్కపల్చటి మనిషి, చేతిలో ముక్కుపొడుం డబ్బీ. నీ ఏకాంబరం గారే అనుకుంటాను. పేరు చెప్పలేదు. ఇంజనీరును గోడ దగ్గరికి తీసుకొచ్చి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఇంజనీరు అడిగాడు, మా వాళ్ళు చెప్పారు. గీతల పొడవునా నడిపించారు కూడా, చెలమ దాకా, తోపు దాకా. బూట్ల నిండా ఇసకతో తిరిగొచ్చాడు పాపం. పోయేటప్పుడు ఆ పొడుం మనిషి నాతో ఒక్క మాట అన్నాడు. "దారం ఒగటి గూడా తెగలేదు గదమ్మా?"

పోయిన బుధవారం బోరు లారీ వచ్చింది. వాడ మధ్యలో, ప్రార్థన గుడిసె పక్కన వేశారు. శనివారం నీళ్ళు పడ్డాయి. మొదట బురద, తరువాత ఎర్రనీళ్ళు, తరువాత తేటనీళ్ళు. పిడి సిద్ధమ్మత్త పట్టుకుంది. వదలమంటే వదల్లేదు.

సాయంత్రం దొరస్వామి స్వయంగా వచ్చాడు. వంక దాటి ఇవతలికి రావడం నేను చూడటం ఇదే మొదలు. "ఇంక నీళ్ళొచ్చె గదా, ఆ గోడ తుడిపేయండి, ఊరికి మర్యాద కాదు" అన్నాడు. అందరూ నా ముఖం చూశారు. నేను నోరు తెరిచేలోపలే సిద్ధమ్మత్త బిందె దించి, అతని ముందుకొచ్చింది.

"యాటికప్పా సెరపాల? ఆ గీతలు అట్లే ఉంటాయి. పక్కన ఈ కొత్త గీత గూడా గీస్తాం. ఎంత దూరం నడిసినామో, నీళ్ళు ఎంత దగ్గిర ఉండినాయో, రెండూ సూడనీ జనం. ఇంత దగ్గిర పెట్టుకోని అంత దూరం ఎందుకు నడిపించినారని నిన్నే అడగనీ."

అతను పంచె ఎగ్గట్టి వెనక్కి తిరిగాడు. వంక దాటి పోయాడు.

కొత్త గీత ఇంకా గీయలేదు. నా మణికట్టు అతికింది గానీ నిటారుగా గీత రావడం లేదు. నువ్వు రావాలి. సిద్ధమ్మత్త ఇంట్లో భోజనం. ఇన్నాళ్ళూ ఎవరు వచ్చినా "మా ఇంట్లో నీళ్ళు తాగుతారా?" అని అడగడం మాకు అలవాటు. ఈసారి అడగను. చెంబు నీ ముందు పెడతాను.

సంతోషం

*

చిత్తూరు,
24 సెప్టెంబరు 1981

సంతోషా,

శనివారం పొద్దున బండికి వస్తున్నాను. అమ్మ కూడా వస్తుందట. ఏ గోడ కోసం నా ఉద్యోగం పోయిందో కళ్ళారా చూడాలట. చెంబు పెద్దది పెట్టు, ఎండన పడి వస్తాం.

జేగురు కలపకండి. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నా సొంత డబ్బుతో కొన్న రంగు డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. నీలం. కమ్మీలకు వాడగా సగం మిగిలింది. ఆ కొత్త గీత దాంతో గీస్తాను.

పంకజం